హౌజులో దయ్యం

"ఓ అవ్వా, కాళ్లు బయటికి తియ్."

వాచ్‌మన్ యాదగిరి అరిచినా నాగులమ్మ కదల్లేదు. నీళ్లలో కాళ్లాడిస్తూనే ఉంది.

నిజాం కాలంలో కట్టిన ఈత హౌజు అది. ఏళ్లకేళ్లు ఎండిపోయి పడి ఉంటే, మున్సిపాలిటీ బాగుచేయించి మళ్లీ నీళ్లు నింపింది. కొబ్బరికాయ కొట్టడానికి చైర్‌పర్సన్ సుహాసిని వచ్చే వేళైంది.

"జర దిగి ఒక్క మునుగు మునిగొస్త బిడ్డా."

"టోపీ, ఈత బట్టలు లేకుండ దిగొద్దు. రూలు."

"గోచి పెట్టుకుంట. మా చిన్నప్పుడు శుక్కురారం ఆడోళ్ల దినం. గట్లనే ఈడ ఈత నేర్చిన."

"నువ్వు మునిగితె నా నౌకరి మునుగుతది. లే అవ్వా."

నాగులమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఈడ దయ్యం ఉండె గదా. పోయిందా?"

"అయ్యగారొచ్చి నిమ్మకాయలు కోసిండు. పోయింది."

"మంచిగైంది. ఎన్నేండ్లని తిరుగుతది? దానికి గూడ కాళ్లు గుంజుతయి."

యాదగిరి ఆమెను గేటు దాటించి గొళ్లెం పెట్టాడు.

కాసేపటికి మైకులో సుహాసిని అంది: "తెలంగాణ వచ్చినంక ఈ జాగాల దుకాణాలు కడ్తమని చౌటుప్పల్ నుంచి ఒకలు, హైదరాబాద్ నుంచి ఒకలు వచ్చిన్రు. పొద్దుగూకంగ హౌజుల గజ్జెల చప్పుడు ఇని, కొలిచే టేపు గూడ ఇడిసి ఉరికిన్రు. నిజం చెప్పాల్నంటె, శాలువ ఆ దయ్యానికే కప్పాలె."

అందరూ పడీపడీ నవ్వారు. గేటు బయట నాగులమ్మ కూడా నవ్వింది.

ఎండాకాలంలో ఆడవాళ్ల బ్యాచ్ మొదలైంది. పేరు రాయించుకోవడానికి ఒకామె వచ్చింది.

"నా పేరు కరుణ. నాగులమ్మ కోడల్ని. ఓపెనింగ్ నాడు మీరు నీళ్లలకెల్లి లేపింది మా అత్తనే."

"ఆమెను గూడ తోల్కరావొద్దా? మేడం ఇప్పుడు చీరలకు గూడ సరే అన్నది."

"పోయిన నెల కాలం చేసిందన్నా. నన్ను ఈత నేర్చుకొమ్మని చెప్పి పోయింది."

యాదగిరి ఆమె పేరు రాసుకున్నాడు.

"లోతు దిక్కు పోకమ్మా. దయ్యం పోయిందంటున్నరు గని, నాకైతె ఇంకా అనుమానమే. నీకు భయం గాదా?"

"భయమెందుకన్నా," అంది కరుణ, "ఇన్నేండ్లు పొద్దుగూకంగనే మా అత్త కాళ్లకు గజ్జెలు కట్టి ఈడికి పంపింది నేనే గద."