మూడు వేల మీటర్ల అడుగున

"ఆ రబ్బరు బొమ్మని ముంచి ఏం తెస్తావమ్మా, పీతల్నా?"

పడవల యజమాని యెన్ నవ్వాడు. నాన్‌ఫాంగావ్ రేవులో చేపల వేలం ఆగిపోయి అందరూ ఇటే చూస్తున్నారు. షుచెన్‌కి ఒళ్లు మండింది. ఆమె తయారుచేసిన యంత్రం నిజంగానే బొమ్మలా ఉంది. మెత్తటి సిలికాన్ ఒళ్లు, రెండు రెక్కలు, మధ్యలో కెమెరా.

"ఇనుప డొల్లయితే ఆ లోతులో నీటి ఒత్తిడికి నలిగిపోతుందండీ. దీనికి నలగడానికి డొల్లే లేదు. పెద్ద ఓడ కూడా అక్కర్లేదు, మామూలు చేపల పడవ చాలు."

"అదీ చాలకపోతే నేనే దూకుతా," అంది పక్కనున్న బీలియన్. ఆమె భర్త ఆహోక్, మరో నలుగురు వెళ్లిన యెన్ పడవ నిరుటి తుఫానులో మునిగిపోయింది. "అడుగున చీలిక ఉందని మా ఆయన మొత్తుకున్నాడు. బాగుచేయించాడా ఈయన? అడగండి!"

"చీలికా? ఏదీ, చూపించు!" యెన్ గొంతు పెంచాడు. "ఆహోక్ ఆఖరిసారి వైర్‌లెస్‌లో మాట్లాడింది నాతోనే. దీవి దాటేసి అగాధం మీద ఉన్నామన్నాడు. తీర రక్షక దళానికీ అదే చెప్పాను. మూడు వేల మీటర్లు! గజ ఈతగాళ్లు దిగగలరా? మాజూ అమ్మవారి గుడిలో వాళ్లకి పూజలు చేయించింది ఎవరు?"

"పూజలు చేయించావు, పడవ బాగుచేయించలేదు!"

చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ చేపల బుట్టల వైపు తిరిగారు. సగం మందికి అతని పడవలే బతుకుతెరువు.

మర్నాడు పొద్దున్నే బీలియన్ తమ్ముడి పడవలో బయల్దేరారు. దారంతా షుచెన్ ఉడికిపోతూనే ఉంది.

"పెద్ద ఓడ వస్తే తప్ప వెతకలేమని మిమ్మల్ని ఇన్నాళ్లూ కూర్చోబెట్టారు పిన్నీ. ఆ లోతే యెన్‌కి కాపలా."

"ఇవాళ్టితో ఆ కాపలా పోతుందిలే," అంది బీలియన్.

దీవి చాటుకి వచ్చేసరికి అలలు తగ్గాయి.

"అగాధం మీదికి వెళ్లేముందు ఇక్కడోసారి దింపి చూద్దాం, రెక్కలు ఆడుతున్నాయో లేదో," అంది షుచెన్.

యంత్రం మెత్తగా నీళ్లలోకి జారిపోయింది. తెర మీద ఆకుపచ్చటి మసక, ఇసుక, చేపల గుంపు. రెక్కలు బాగానే ఆడుతున్నాయి. ఇక పైకి లాగుదామనుకుంటుండగా, పక్కకి ఒరిగిన పడవ ఒకటి వెలుతురులోకి వచ్చింది. అడుగున పొడవాటి చీలిక. ముక్కు మీద ఎర్రటి అక్షరాలు.

బీలియన్ ఆ పేరు పైకి చదివి, తెర మీద అరచెయ్యి ఆనించింది. తమ్ముడు ఇంజను ఆపేశాడు.

షుచెన్ తెర మూలనున్న అంకె చూసింది.

లోతు ముప్పై మీటర్లే.