నోటి మీద చేతులు

"మళ్ళీ తప్పు," అంది పిల్లలిద్దరిలో పెద్దది, ఆఫీసరులా కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుని. "పుట్టినతేదీ ఇంకోసారి చెప్పండి."

ఆమె గిన్నెలు కడుగుతూనే చెప్పింది. ఈసారి సరిగ్గానే చెప్పింది. విచిత్రమేమిటంటే, ఈ దేశంలో చట్టాలు ఎవరు చేస్తారో, జెండాలో ఏ రంగుకి ఏం అర్థమో అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. పుట్టినతేదీ దగ్గరికొచ్చేసరికి నాలుక మడతపడేది. భయం అలాంటిది మరి.

భయపడక ఏం చేస్తుంది? పరీక్ష నెగ్గి ప్రమాణం చేస్తే తల్లితోపాటు పిల్లలిద్దరికీ పౌరసత్వం వస్తుంది. పోయిందా, నెలాఖరుకి అనుమతి గడువు తీరిపోతుంది, పిల్లల్ని బండెక్కించి సరిహద్దు దాటించేస్తారు. అవతల వీళ్లకు దిక్కంటూ ఎవరూ లేరు. తండ్రన్నవాడు చిన్నది కడుపులో ఉండగానే చెప్పాపెట్టకుండా పోయాడు.

ఆ చిన్నదానికి నాలుగేళ్లు. ఒట్టి వాగుడుకాయ. ఇంటి గుట్టంతా వీధిలో పోసొచ్చే రకం. పిల్లల్ని కూడా తీసుకురావాలన్నారు కాబట్టి ఇంట్లో వదిలి వెళ్లే వీలూ లేదు. అందుకని దానికి ఒక్కటే పాఠం చెప్పారు, ఆఫీసు గేటు దాటి బయటికొచ్చేదాకా నోరు విప్పకూడదని. ఆ పాఠం మరీ ఒంటబట్టినట్టుంది, బస్సెక్కగానే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇప్పట్నుంచీ ఎందుకే, ఊపిరాడక చస్తావు," అని అక్క మొట్టికాయ వేసినా తియ్యలేదు.

ఆమె నీలం కోటు వేసుకుంది. అనుమతి కార్డు మీది ఫొటోలో ఉన్నదీ ఆ కోటే. భుజాల దగ్గర బాగా వదులుగా ఉంటే లోపల్నుంచి కుట్టు వేసి బిగించింది. లాండ్రీలో సగంపూట సెలవిమ్మంటే యజమాని నానా మాటలూ అని ఇచ్చాడు.

ఆఫీసరు కళ్లజోడు పైనుంచి చూశాడు. అబద్ధం చెప్పినట్టు తేలితే జైలనీ, పిల్లల్ని సర్కారు హోముకి పంపుతామనీ ముందే హెచ్చరించాడు. వచ్చినవాళ్లందరికీ చెప్పే ముక్కే. ఆమె మాత్రం చిన్నదాన్ని దగ్గరికి లాక్కుంది.

అయినా అన్నింటికీ తడుముకోకుండా చెప్పింది, పుట్టినతేదీతో సహా. బల్ల కింద పెద్దది ఆమె వేలు గట్టిగా నొక్కింది. ఆఫీసరు ఫొటో చూశాడు, ఆమెను చూశాడు.

"బాగా చిక్కిపోయారే."

"ఇద్దరు పిల్లలండీ."

ఆయన నవ్వాడు. ఆయనకీ పిల్లలున్నారు కాబోలు. ఫైలు తిరగేస్తూ, "పోయినసారి దగ్గు ఆగక మాట్లాడలేకపోయారని వాయిదా వేశారట. తగ్గిందా?" అన్నాడు.

"ఇప్పుడు దగ్గు లేదండీ," అంది ఆమె. పెద్దది తల దించుకుంది.

ఆయన చిన్నదాని వైపు వంగి పేరడిగాడు. అది చేతులు ఇంకా గట్టిగా నొక్కుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంత భయమేంటి? అమ్మ కొడుతుందా?"

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. చిన్నది కాసేపు ఆయన్నే చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ముద్ర పడింది. పక్క గదిలో ఆమె కుడిచెయ్యి పైకెత్తి, వాళ్లు చెప్పించిన మాటలన్నీ చెప్పింది. చెప్పినదంతా నిజమేనని కూడా చెప్పింది. చేతికిచ్చిన కాగితంలో పిల్లల పేర్లు రెండూ ఉన్నాయి. సంతోషించాల్సిన సమయమే. ఆమెకి మాత్రం గోడవైపు తిరిగి భోరున ఏడవాలనిపించింది. ఏడవలేదు. చిన్నదాన్ని చంకనెత్తుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

గేటు దాటారు. చిన్నది వెనక్కి తిరిగి గేటు చూసుకుని, నోటి మీద నుంచి చేతులు తీసింది.

"పిన్నీ, ఇప్పుడు అమ్మ పాసయినట్టేనా?"