పిలిస్తే పలకని పిల్ల

“బుగ్గమ్మా!”

నర్సు మార్త ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడి పిలిచింది. వరండాలో కూర్చున్న తల్లి ఉలిక్కిపడి లేచింది. ఆమె భుజం మీది ఐదేళ్ళ పిల్ల తల కూడా ఎత్తలేదు.

తల్లీబిడ్డలు పొద్దుటి రైలుకు తాండూరు నుంచి వికారాబాద్ వచ్చారు. నాపరాళ్ళ గనిలో పని మానడానికి కుదరక తండ్రి ఆగిపోయాడు. పిల్ల తొడలో గడ్డ లేచి చీము పట్టింది. కోయకపోతే ఎముకకు దిగుతుందని డాక్టర్ మత్తయ్య చెప్పాడు. కోతకు తల్లి ఒప్పుకుంది. ఆమె భయమంతా మత్తు మీదే.

“ఏం మందు వాసన సూపిస్తరు సారూ?”

“రెండున్నయమ్మా. ఒకటి క్లోరోఫాం. తియ్యటి వాసన. పిల్ల ఏడ్వకుంట పండుకుంటది.”

తియ్యటి వాసన అనగానే ఆమె పిల్లతో సహా ఒక అడుగు వెనక్కి వేసింది.

“అదొద్దు సారూ, నీ కాల్మొక్త. పోయినేడు పట్నంల నా కొడుక్కు గదే వెట్టిండ్రు. బాలప్పా, బాలప్పా అని పేరు వట్టి పిలుస్తనే ఉన్నరు. పిలుస్తుండంగనే పోయిండు.”

మత్తయ్య రెండు మందులనూ మనసులో బేరీజు వేశాడు. క్లోరోఫాంతో పని తొందరగా అవుతుంది. కానీ పసిగుండెను అది ఎప్పుడు ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. ఈథర్ మొండిది. ఆ ఘాటుకు పిల్లలు తన్నుకుంటారు. మత్తు ఎక్కడం ఆలస్యం, దిగడం ఇంకా ఆలస్యం, లేచాక వాంతులు. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. అయితే గుండె జోలికి అంతగా పోదు.

“ఈథరే ఇద్దాం. మార్తా, స్టవ్వు బయట పెట్టు,” అన్నాడు.

“మల్ల లేస్తది గద సారూ?”

“పేరు వెట్టి పిలుస్త. కండ్లు తెరుస్తది. ఫికర్ చేయకు.”

తల్లి ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

తలుపు మూసుకుంది. లోపల నుంచి “అవ్వా! అవ్వా!” అని తల్లి కోసం ఒకటే ఏడుపు. తర్వాత అదీ లేదు. ఆ ఏడుపే నయమనిపించింది తల్లికి. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది. స్టవ్వు మీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయినా ఆమె చూడలేదు.

చివరికి లోపల డాక్టర్ గొంతు వినిపించింది.

“బుగ్గమ్మా!”

తల్లి తలుపుకు అతుక్కుపోయింది.

“బుగ్గమ్మా! కండ్లు తెరువు!”

“ఉన్న. ఈడనే ఉన్న,” అని ఆమె గొణిగింది. లోపలివాళ్ళకు వినపడనంత చిన్నగా.

లోపల మత్తయ్య పిల్ల మణికట్టు వదలకుండా పట్టుకుని ఉన్నాడు. కోత బాగా జరిగింది. నాడి ఉంది. ఊపిరి ఉంది. మత్తు దిగాల్సిన వేళ దాటిపోయింది. పిల్ల మాత్రం పలకడం లేదు. చెంపలు తట్టాడు, పాదాలు రుద్దాడు. బాలప్ప సంగతి గుర్తుకొచ్చింది. క్లోరోఫాం వద్దని ఈథర్ ఇచ్చి తానే తప్పు చేశాడా? మార్త కళ్ళు మూసుకుని ప్రభువును వేడుకుంటోంది.

“బుగ్గమ్మా! బుగ్గమ్మా!”

తలుపు ధడాలున తెరుచుకుంది. తల్లి లోపలికి దూసుకొచ్చింది. మార్త ఆపబోతే తోసేసింది. బల్ల మీదికి వంగి, తన కొంగు పిల్ల తల చుట్టూ అడ్డం పెట్టి, చెవిలో ఒక్క మాట అంది.

పిల్ల రెప్పలు కదిలాయి.

“అవ్వా… దూపయితుంది. నీళ్ళు.”

మత్తయ్య స్టూలు మీద కూలబడ్డాడు. భయం వదిలేసరికి కోపం వచ్చింది.

“గింతసేపు మేం మొత్తుకుంటే పలుకలే. నువ్వేం మంత్రమేసినవమ్మా?”

తల్లి తలుపు వైపు ఒకసారి బెదురుగా చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించింది.

“బుగ్గమ్మ నేను సారూ, పేరు వట్టుకొని వచ్చేటోడు వస్తే నన్నే తీస్కపోవాలెనని మీకు నా పేరు చెప్పిన.”