మిద్దె మీది తీగ

వైఫై మళ్లీ పోయింది.

ఉదయ్‌కిరణ్ లాప్‌టాప్‌ను అరచేత్తో చరిచాడు. ఇంట్లో నుంచే ఉద్యోగం. అవతల మేనేజరు అరుస్తుండగానే తెర బిగుసుకుపోయింది.

ప్రొద్దుటూరు ఎండలకు లాప్‌టాప్ పెనంలా కాలుతోందని, ఏదో వీడియో చూసి ప్రాసెసర్‌కు అందే వోల్టేజీ తగ్గించాడు. లాప్‌టాప్ చల్లబడింది. అప్పటి నుంచే వైఫై నిలవడం లేదు. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని అతనికి తట్టలేదు.

తట్టింది మరొకటి. తమ ఇంటి పై గదిలో కొత్తగా బాడిగకు దిగిన ముసలాయన నూర్ అహ్మద్, మిద్దె మీద కట్టుకున్న పొడవాటి ఏరియల్ తీగ. ఎప్పుడు చూసినా ఆయన వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాట్లాడుతుంటాడు.

విసవిసా మెట్లెక్కాడు.

“ఏం సాయిబూ, నీ డబ్బా వల్ల నా వైఫై పోతాంది. ముందు అది పీకెయ్.”

“దీనికీ దానికీ సంబంధం లేదు నాయనా. లైసెన్సు ఉండే సెట్టే ఇది. ఇప్పుడు ఆపేస్తా, కిందికి పోయి సూడు. అయినా పోతే తప్పు దీంది కాదు.”

“నాకే చెప్తాండావా? ఎవురెవురితో మాట్లాడ్తాండావో పోలీసులకు చెప్పాల్నా?”

ముసలాయన మొహం పాలిపోయింది. స్విచ్చి కట్టేశాడు.

“పోయి సూడప్పా,” అన్నాడు మళ్లీ.

ఉదయ్ చూడలేదు. తీగను రెండు చేతులా పట్టి గుంజాడు. దాంతో పాటే సెట్టూ బల్ల మీది నుంచి జారి, నేల మీద పడి పగిలింది.

ముసలాయన ముక్కలు ఏరి తువాల్లో మూటగట్టుకున్నాడు. ఆ సాయంత్రమే జమ్మలమడుగులో కూతురింటికి వెళ్లిపోయాడు.

“పెద్దాయన్ను అంత మాట అంటిరే,” అంది భార్య వాసవి, చంకలో బిడ్డతో గుమ్మంలో నిలబడి.

“పీడ పోయింది.”

మరునాడు వైఫై మళ్లీ పోయింది.

విసుగెత్తి, తాను మార్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి మార్చాడు. వోల్టేజీ మామూలుగా పెట్టగానే వైఫై కుదురుకుంది. ఇక పోలేదు.

“పోయి పిల్చకరాండి,” అని వాసవి పోరింది. రేపు మాపు అంటూ వారం నానబెట్టి, చివరికి బస్సెక్కాడు.

జమ్మలమడుగులో ఆ ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి.

కూతురు మసరత్ వాకిట్లోకి వచ్చింది.

“నేను... ప్రొద్దుటూరు...”

“తెలుసు. మా నాయన్ను నిన్ననే మట్టి చేసినాం. ఆ ముక్కలు అతికియ్యాలని కడదాకా సూసినాడు అబ్బా.”

“నాకు తెలీక...”

“మీకు శానా తెలీదు,” అంది మసరత్. ఆమె కళ్లలో తడి లేదు. “పెన్న పొంగి సెల్ టవర్లన్నీ పోయినప్పుడు మేము చెన్నూరులో ఉన్యాం. నాలుగిండ్ల అవతల ఒక మిద్దె మీద, పురిటికొచ్చిన నిండు చూలాలు నీళ్ల మధ్య ఇరుక్కోని ఉంటే, పడవ వచ్చేదాకా అబ్బా ఆ సెట్టులో సాయం కోసరం అరుస్తానే ఉన్యాడు. మొన్న ప్రొద్దుటూరులో ఆమెను గుర్తుపట్టినాడు. చెప్పరాదా అంటే, చెప్తే వాళ్లు బాడిగ తీసుకోరు బేటీ అనె.”

“ఎవురామె?” అన్నాడు ఉదయ్.

తలుపు వేస్తూ చెప్పింది మసరత్.

“మీ ఇంటామె.”