ఆకుపచ్చ టిక్కులు

"పొద్దున్నుంచీ ఆ పుస్తకం మీరొక్కరే పట్టుకుని కూర్చుంటే మేమేం కావాలి పెద్దాయనా?"

కండక్టరమ్మ గొంతుకి రీడింగ్ రూములో తలలన్నీ ఇటు తిరిగాయి.

లైబ్రేరియన్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అది అతనికి రోజూ ఉండే పనే.

పెద్దాయన మాత్రం తల ఎత్తలేదు. ఆయన చేతిలో రబ్బరు ఉంది. ఇంగ్లీషు పరీక్షల గైడులో ఎవరెవరో పెన్సిలుతో పెట్టిపోయిన టిక్కుల్ని ఒక్కొక్కటే చెరుపుతున్నాడు.

"జవాబులు ముందే కనబడుతుంటే నువ్వు ఆలోచించేదేముంటుందమ్మా? ఇదిగో, అయిపోయింది."

పొట్టు ఊది, పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

ఒంటిగంటకి ఆమె బస్సెక్కాలి. పద్దెనిమిదేళ్ళు నిలబడి టికెట్లు కొట్టి మోకాళ్ళు అరిగిపోయాయి. డిపో ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం కావాలంటే డిపార్ట్‌మెంటు పరీక్ష గట్టెక్కాలి. అన్నీ గట్టెక్కింది. ఇంగ్లీషు దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది. ఈ మూడోసారీ పోతే ఇక రాయనివ్వరు.

లైబ్రరీలో ఆ గైడు ఒక్కటే ఉంది.

పేజీలు తిప్పుతూ పదమూడో పాఠం దగ్గర ఆగింది. ముందు పాఠాల్లో చెరిపేసిన ఆకుపచ్చ మరకలే ఉన్నాయి, ఇక్కడ మాత్రం నాలుగు ప్రశ్నలకి ఆకుపచ్చ పెన్సిలు టిక్కులు అలాగే ఉన్నాయి.

"ఇవి వదిలేశారు. కళ్ళజోడు మార్చుకోవాలి మీరు."

"అవి ఉండనీ తల్లీ."

"ఏం, వాటికి సీటు రిజర్వు చేశారా?"

పెద్దాయన నవ్వి రబ్బరు జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆమె వరండాలో గోడవైపు తిరిగి గొణుక్కుంటోంది. పరీక్షలో ఒక పేజీ ముగ్గురు అధికారుల ముందు పైకి చదవాలి. ఆ తర్వాత వాళ్ళడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పాలి.

"బస్సులో కూడా ఇలాగే గొణుగుతావా?" వెనక నుంచి పెద్దాయన.

"బస్సులో నన్ను ఇంగ్లీషు అడిగినవాడెవడు?"

"వెనక సీటు దాకా వినబడాలి. చదువు. నేనే వెనక సీటు."

వెళ్ళి వరండా చివర మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె గొంతెత్తింది. నాలుగో వాక్యంలో ఆయన చెయ్యెత్తాడు.

"మళ్ళీ."

చూసుకుంటే నిజమే. నోరు తిరగని మాట ఒకటి మింగేసింది.

ప్రశ్నలకి జవాబు చెప్పినా అంతే. తప్పు చెప్పిన చోటల్లా చెయ్యి లేచేది. మళ్ళీ చదివితే తప్పేదో ఆమెకే దొరికేది.

"ఆ జవాబేదో మీరే చెప్పేయొచ్చుగా ప్రొఫెసరు గారూ!"

"నేను చెబితే పరీక్ష కూడా నేనే రాయాల్సి వస్తుంది."

ఆ రోజు నుంచి అందరికీ ఆయన ప్రొఫెసరే. ఆయన కాదనలేదు. నెల తిరిగేసరికి తమ తమ పరీక్షల కోసం ఒక నర్సు, ఒక లైన్‌మన్ కూడా వరండాలో వంతు కోసం నిలబడ్డారు.

పరీక్ష రోజున ముగ్గురు అధికారుల ముందు కాగితం అందుకుంది. వరండా చివర మెట్టు గుర్తు తెచ్చుకుంది.

మొదటి వాక్యానికే మధ్యలో కూర్చున్న పెద్ద అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"చాలమ్మా, పక్క గదిలో వాళ్ళక్కూడా వినబడుతోంది."

అయినా ఆమె గొంతు తగ్గించలేదు. ఒక్క మాట మింగలేదు.

ఫలితాల కాగితంలో ఆమె నంబరు పై నుంచి రెండోది.

"పాసయ్యా!"

రీడింగ్ రూము దద్దరిల్లింది. లైబ్రేరియన్ వేలు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. అతనే ముందు చప్పట్లు కొట్టాడు. నర్సు పాసయింది. లైన్‌మన్ పాసయ్యాడు.

"ప్రొఫెసరు గారేరీ?"

"ఊరొదిలి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడమ్మా," అన్నాడు లైబ్రేరియన్. " వారమైంది. ఎక్కడో చెప్పలేదు. ఈ రబ్బరు నీకిమ్మన్నాడు."

"అయ్యో! ఏ కాలేజీలో చేసేవారో, అక్కడ అడుగుదాం."

"కాలేజీ ఏమిటి? ఆయన బళ్ళో గంట కొట్టేవాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు."

ఆమె నవ్వబోయి ఆగింది.

"మరి నా తప్పులన్నీ పట్టుకున్నారే!"

"నేనూ అడిగా. 'ముప్పై ఏళ్ళు తరగతుల బయట నిలబడి విన్నాను సార్, తెలియని చోట పిల్లల గొంతు సన్నబడుతుంది' అన్నాడు."

ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. తను పెట్టిన టిక్కులన్నీ ఓపిగ్గా చెరిపింది. పదమూడో పాఠంలోవి ముట్టుకోలేదు.

గైడుకి వేసిన అట్ట చిరిగి వేలాడుతోంది. కొత్త అట్ట వేద్దామని పాతది విప్పింది.

లోపల, ఆకుపచ్చ పెన్సిలుతో ఒక అమ్మాయి ఇంగ్లీషులో రాసుకున్న పేరు కింద, మన అక్షరాల్లో, వంకర గీతల్లో ఇలా ఉంది: "ఈ పుస్తకం మా పాపది. పదమూడో పాఠం దాకా చదివింది, ఆపైన బతకలేదు. మిగతాది మీరు చదవండి."