కారు దేనికి వాడతారు?

“రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తున్నానండీ. అప్పుడే గుద్దింది లారీ,” అన్నాడు రెజ్.

గ్లెనిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కూర్చున్న అట్కిన్ చుట్టపుచూపుగా వచ్చినవాడా? బీమా కంపెనీ మనిషి. క్లెయిముల్లో బొక్కలు వెతకడమే అతని ఉద్యోగం. బల్ల కింద మొగుడి కాలు గట్టిగా తొక్కింది.

“దెబ్బకి మతి చెదిరింది నాయనా. ఆదివారం కదా, చేపలు పట్టడానికి బయల్దేరాడు,” అంది టీ పోస్తూ.

తొక్కదా మరి! కారు దేనికి వాడతారన్న దాన్నిబట్టే బీమా రేటు. బజారుకీ షికారుకీ అయితే తక్కువ, ఉద్యోగానికి కూడా అయితే ఎక్కువ. వారమంతా రెజ్ ఫ్యాక్టరీ బస్సులోనే వెళ్తాడు. ఒక్క శనివారం రాత్రి ఓవర్‌టైముకి కారు తీస్తే ఎవడు చూడొచ్చాడులే అని గ్లెనిస్ తక్కువ రేటుకే టిక్కు పెట్టింది. ఇప్పుడు రొట్టెల లారీ గుద్ది కారు తుక్కయింది. పనికి వాడినట్టు తేలితే పైసా రాదు.

అట్కిన్ కుర్రవాడే గాని గట్టివాడు.

“వారమంతా ఫ్యాక్టరీలో చేపలు కోసే మనిషి ఆదివారం కూడా చేపలకేనా అమ్మా?”

“ఈ గ్రిమ్స్‌బీ రేవులో మరి పులుల వేటకి వెళ్తారా?”

“కార్లో గాలం లేదు.”

“మర్చిపోయుంటాడు. తల మెడకి అతుక్కుని ఉంది గనక సరిపోయింది, లేకపోతే అదీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళేవాడు.”

“ఒంటిమీద ఇస్త్రీ చొక్కా ఉంది.”

“మా ఇంట్లో చేపలకి కూడా మర్యాద ఇస్తాం నాయనా.”

ఆ చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. శనివారం ఫోర్‌మన్ మహా చాదస్తుడని రెజ్ చెప్పాడు మరి.

రెజ్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగాడు. నుదుటి నిండా చెమట. “అబద్ధాలెందుకే గ్లెనీ? పోతే పోయింది కారు. నేను పని నుంచే వస్తున్నాను సార్, అదే రాసుకోండి.”

సత్యహరిశ్చంద్రుడు బయల్దేరాడు! కొంప మునుగుతున్నా ఈ మనిషి నోట అబద్ధం రాదు. గ్లెనిస్ లోపల్లోపల తిట్టుకుంది. అంత కోపంలోనూ మొగుణ్ణి చూస్తే కాస్త గర్వంగా కూడా అనిపించింది.

“ఆయన మాటలకేం గాని, నా మాట రాసుకో. మా ఆయన ఏనాడూ పనికి కారు తియ్యలేదు. కావాలంటే బైబిలు మీద చెయ్యేసి చెప్తాను.”

అట్కిన్ ఫైలు మూసేశాడు. “ఒట్లు అక్కర్లేదమ్మా. మీ మాటే నిజమని తేలింది. క్లెయిము పాస్ చేస్తున్నాం.”

గ్లెనిస్‌కి ఏనుగెక్కినంత సంబరమయింది. చూశావా అన్నట్టు మొగుడివైపు తిరిగింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎలా తేలింది నాయనా?”

“సాక్షి ఉన్నారు. ఒక ఇంటి గేట్లోంచి కారు వెనక్కి తీస్తుంటే లారీ గుద్దిందట. ఆ ఇంటావిడే చెప్పింది.”

“ఎవరో ఆ మహాతల్లి! మా పాలిట దేవతలా వచ్చింది. ఇల్లెక్కడో చెప్పు, కేకు చేసి పట్టుకెళ్తాను.”

“వద్దులెండమ్మా,” అంటూ అతను లేవబోయాడు.

“పోనియ్ గ్లెనీ, ఆయన్ని వెళ్ళనీ,” అన్నాడు రెజ్.

“నువ్వుండు. మేలు చేసినవాళ్ళకి థాంక్స్ చెప్పుకోవద్దూ? అసలేం చెప్పింది నాయనా ఆవిడ?”

అట్కిన్ తలుపు దగ్గర ఆగాడు. ఆమె కళ్ళలోకి చూడలేక చేతిలో ఫైలు వంక చూస్తూ చెప్పాడు.

“‘ఫ్యాక్టరీ ఏమిటి, ఓవర్‌టైమేమిటి! ఏడాదిగా శనివారం రాత్రి రెజ్ నా దగ్గరే పడుకుంటాడు’ అని సంతకం చేసిచ్చిందమ్మా.”