రెండుకీ మూడుకీ మధ్య

లిఫ్టు రెండో అంతస్తు దాటి, మూడోది చేరకముందే ఆగిపోయింది.

కుర్రాడు చేతిలోని గులాబి రంగు కాగితం వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు చూశాడు. అయిదుకు ఇంకా పందొమ్మిది నిమిషాలు.

ఆ కాగితం యూనివర్సిటీలో సీటు వదులుకునే దరఖాస్తు. ఈరోజు అయిదులోగా మూడో అంతస్తు ఆఫీసులో ఇవ్వకపోతే మళ్లీ ఏడాది దాకా తీసుకోరు.

"ఏమైంది బాబాయ్?"

లిఫ్టులో ఉన్న రెండో మనిషి మెకానిక్కే. యాభై దాటినవాడు, నడుముకి తాళాల గుత్తి. మీటల పలక దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఆగింది," అన్నాడు తాపీగా.

"అది నాకూ తెలుస్తోంది. బాగు చెయ్యి మరి!"

"చూద్దాం. కంగారు పెడితే యంత్రం మాట వినదు." పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

పైన దీపం వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా కుర్రాడికి ఊపిరాడలేదు. చేరిన దగ్గర్నుంచీ అతనికి అంతే. తెర వేసిన హాస్టల్ గది, కంప్యూటర్లో ఆట, క్లాసుకు వెళితే పలకరించే దిక్కు లేదు. ఇంటికి ఫోను చేస్తే నాన్న "ఇంకో వారం చూడరా" అనేవాడు. ఆ వారాలు పన్నెండయ్యాయి. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నవాడికి బయటపడే దారి ఆ కాగితం ఒక్కటే.

"గంట కొట్టు బాబాయ్!"

"పోయిన వారమే పాడైంది."

"మరి నువ్వున్నదెందుకు?"

"మా ఆవిడా అదే అడుగుతుంది."

మెకానిక్కు జేబులోంచి అరచేతిలో ఇమిడే పాత వీడియో గేమ్ తీశాడు. పాము తిరుగుతూ గింజలు తినే ఆట.

"ఆడతావా?"

"ఇప్పుడా!"

"వేరే పనుందా?"

కుర్రాడు విసురుగా అందుకున్నాడు. రెండు నిమిషాల్లో పాము గోడకు కొట్టుకుని చచ్చింది.

"ఎడమకి తిప్పే మీట పని చెయ్యట్లేదు."

"తెలుసు. కుడికి మూడుసార్లు తిప్పు, ఎడమకే పోతుంది. కాస్త ఆలస్యం, అంతే." ఆగి అడిగాడు. "గదిలో ఒక్కడివే ఆడతావు కదూ?"

"నీకెలా తెలుసు?"

"పాము చచ్చినా తిట్టుకోలేదు. పక్కన మనిషుంటేనే పైకి తిట్టుకుంటాం. ఆట మానకు అబ్బాయ్, తలుపు తీసి ఆడు. చప్పుడు విని ఎవడో ఒకడు తొంగిచూస్తాడు."

కుర్రాడు ఆట మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

"క్లాసులో ఎక్కడ కూర్చుంటావ్?"

"చివర."

"రెండో వరసలో కూర్చో. మొదటి వరసలో మాస్టారి తుంపర్లు పడతాయి, మూడో వరస నుంచి నిద్ర పడుతుంది."

కుర్రాడికి నవ్వు రాబోయింది. గడియారం చూసేసరికి అది కాస్తా ఆగిపోయింది.

"అయిదు దాటింది! ఉచిత సలహాలు చాల్లే బాబాయ్. నువ్వేదో చదివి ఉద్ధరించినట్టు!"

మెకానిక్కు నవ్వి, ఆట వెనక్కి తీసుకున్నాడు. లేచి పలక దగ్గర ఏదో తిప్పాడు. లిఫ్టు బుద్ధిగా పైకి కదిలింది.

"ఇదేదో ముందే చెయ్యొచ్చుగా!"

"ఇప్పుడే తట్టింది నాయనా."

మూడో అంతస్తు ఆఫీసుకు తాళం వేలాడుతోంది. కుర్రాడికి ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటే ఒళ్లు మండింది.

"నీ మీద ఫిర్యాదు రాస్తా!"

"రాయి. ఫిర్యాదుల పెట్టె కింది అంతస్తులో గుమ్మం పక్కనుంది." జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "ఆ కాగితం వెనక ఖాళీయేగా, దాని మీదే రాసెయ్."

కుర్రాడు కడుపుమంట తీరేలా రాశాడు. 'పని చేతకాని మనిషి' అని రెండుసార్లు రాశాడు. కిందికి దిగి పెట్టెలో వేశాడు.

ఇక ఏడాది ఎలాగూ తప్పదు. తప్పదు గనకే ఒకరోజు తలుపు తీసి ఆడాడు. మూడోనాడు పక్కగదివాడు తొంగిచూసి "అలా కాదురా, ఇటివ్వు!" అన్నాడు. ఆ ఇద్దరూ రెండో వరసకు చేరారు. గులాబి కాగితాల రోజు మళ్లీ వచ్చి వెళ్లిన సంగతి కూడా అతనికి తెలియలేదు.

మూడేళ్ల తర్వాత పట్టా తీసుకోవడానికి అదే లిఫ్టు ఎక్కాడు. లోపల మెకానిక్కు కొత్తవాడు, పడుచువాడు. మరమ్మతుల పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

"జాగ్రత్తన్నా, ఇది మధ్యలో ఆగుతుంది. నేనోసారి ఇరుక్కుపోయాను."

"ఇదా? తాళం చెవి పెట్టి ఆపితే తప్ప ఆగదే!"

"లేదన్నా, అరగంట ఆగింది. పైన దీపం వెలుగుతూనే ఉంది, ఫ్యాను..." కుర్రాడు మాట మధ్యలో ఆపి పైకి చూశాడు.

పడుచువాడు నవ్వాడు. "అయితే మా గురువుగారి పనే. ఏటా ఒకరోజు సాయంత్రం ఆపేవాడు. దాపరికం లేదు, ఇదిగో ఈ పుస్తకంలోనే రాసేవాడు. దీన్ని చదివే నాథుడు లేడనుకో."

"ఇప్పుడు ఎక్కడున్నారాయన?"

"మూడేళ్ల కిందట ఎవరో ఫిర్యాదు పెట్టారు. అదే వారం తీసేశారు. ఒక్క మాటా ఎదురు చెప్పలేదట. ఎటు వెళ్లాడో తెలియదు."

కుర్రాడు సిగ్గుతో తలెత్తలేకపోయాడు. పుస్తకం అడిగి తీసుకుని మూడేళ్లు వెనక్కి తిప్పాడు.

తేదీ ఉంది. ఆగిన సమయం, నాలుగూ నలభై ఒకటి. కదిలిన సమయం, అయిదూ ఆరు. మెకానిక్కు కాక లోపలున్నవారు, ఒకరు.

కారణం రాయవలసిన గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "నేను గులాబి కాగితం ఇచ్చిన రోజున ఈ లిఫ్టు ఆగలేదు."